పిల్లల ఆసుపత్రి కోసం విరాళాల సంగీత విభావరి: ప్రచారం చేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల ఆసుపత్రికి డబ్బు పోగుచేయడానికి పెట్టే సంగీత విభావరికి ప్రచార బాధ్యత మీ మీద పడగానే వచ్చే మొదటి టెన్షన్: జనం వస్తారా? ఇలాంటి కచేరీలకు కొన్నేళ్లుగా ప్రచారం చేస్తున్నాను. జనాన్ని రప్పించడం కష్టమే. వచ్చినవాళ్ల నమ్మకాన్ని నిలబెట్టుకోవడం ఇంకా కష్టం. మనం పోస్టర్ మీద వేసే ప్రతి మాటా దాతకూ, మంచం మీదున్న పిల్లవాడికీ ఇస్తున్న మాటే. వాలంటీర్లు పదే పదే అడిగే ప్రశ్నలకు ఆ దృష్టితోనే జవాబులు రాశాను.

ప్రచారం ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి?

ఎనిమిది నుంచి పది వారాలు ఉంటే ఊపిరి తీసుకుంటూ పని చేయొచ్చు. మొదటి రెండు వారాల్లో తేదీ, స్థలం, ఎవరి కోసం అన్న మూడు విషయాలు చెబితే చాలు. తర్వాత ఒక్కొక్క కళాకారుడి పేరూ బయటపెడుతూ రండి. అన్ని పేర్లూ ఒకేసారి చెప్పేస్తే నాలుగో వారానికి చెప్పడానికి ఏమీ మిగలదు. టికెట్లు ప్రకటించిన రోజుల్లో బాగా కదులుతాయి, మధ్యలో చల్లబడతాయి, చివరి వారంలో మళ్లీ లేస్తాయి. మధ్యలో వచ్చే ఆ నిశ్శబ్దానికి కంగారుపడి ధర తగ్గించకండి. ముందే పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లకు అది అన్యాయం.

ఆసుపత్రి పేరు, లోగో వాడుకోవచ్చా? మంచి పనే కదా!

రాతపూర్వక అనుమతి లేకుండా వాడకూడదు. తెలిసిన డాక్టరు ఫోన్‌లో సరేనన్నా అది అనుమతి కిందకు రాదు. చాలా ఆసుపత్రుల్లో విరాళాలు చూసుకోవడానికి ప్రత్యేక విభాగమో, అనుబంధ ట్రస్టో ఉంటుంది. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి. లోగో ఎక్కడెక్కడ వేస్తారు, ఎన్ని రోజులు వాడతారు, ప్రకటనల పాఠాన్ని అచ్చుకు ముందు ఎవరు చూస్తారు, డబ్బు ఏ ఖాతాలోకి ఎప్పటిలోగా చేరుతుంది అన్నవి ఒక పేజీలో రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. ఈ కాగితం మీకూ రక్షణే. "మీరు నిజంగా ఆ ఆసుపత్రి తరఫున వచ్చారా?" అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటుంది. అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు, అడగడమే మంచిది కూడా.

"టికెట్ల డబ్బు మొత్తం ఆసుపత్రికే" అని పోస్టర్ మీద వేయొచ్చా?

అక్షరాలా నిజమైతేనే వేయండి. నేను పనిచేసిన మొదటి కచేరీకి మేము ఆ మాటే వేశాం. మోసం చేయాలని కాదు, ఉత్సాహం కొద్దీ వేశాం. తీరా చూస్తే హాలు అద్దె, సౌండ్, లైట్లు, అచ్చు ఖర్చులన్నీ టికెట్ల డబ్బులోంచే కట్టాల్సి వచ్చింది. కచేరీ అయ్యాక ఒక పెద్దావిడ వచ్చి, "మొత్తం అన్నారు కదమ్మా, మరి ఇంతేనా?" అని నెమ్మదిగా అడిగారు. ఆవిడ కోప్పడలేదు. అయినా ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ రోజు నుంచి "మొత్తం" అన్న మాట కనిపిస్తే లెక్క చూడకుండా అచ్చుకు పంపను.

సరిగ్గా చెప్పడానికి రెండు మార్గాలున్నాయి. ఖర్చులన్నీ స్పాన్సర్లు భరిస్తే, "ఖర్చులు స్పాన్సర్లవి, టికెట్ డబ్బంతా ఆసుపత్రికి" అనొచ్చు. అలా కాకపోతే, "ఖర్చులు పోగా మిగిలినదంతా ఆసుపత్రికి" అని రాసి, ఖర్చుల అంచనా కూడా చెప్పండి. 600 సీట్ల హాలులో 240 టికెట్ల డబ్బు ఖర్చులకే పోతుందనుకుందాం. అప్పుడు 241వ టికెట్ నుంచి వచ్చేదే ఆసుపత్రికి చేరుతుంది. ఈ లెక్క చెబితే జనం వెనక్కి పోతారని చాలామంది భయపడతారు. నేను చూసినంతవరకు, చెప్పినచోట ఇంకో ఇద్దరికి టికెట్లు అమ్మిపెట్టినవాళ్లే ఎక్కువ.

డబ్బు ఏ దారిలో వెళ్తుందో కచేరీకి ముందే తేల్చుకోవాలని చెప్పడానికి పెద్ద ఉదాహరణే ఉంది. 1971 ఆగస్టు 1న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో సితార్ విద్వాంసుడు పండిట్ రవిశంకర్, బీటిల్స్ బృందపు మాజీ సభ్యుడు జార్జ్ హారిసన్ కలిసి బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ పెట్టారు. ఒకే రోజు రెండు ప్రదర్శనలు. గేటు దగ్గర వచ్చిన సుమారు 2,43,000 డాలర్లు యూనిసెఫ్‌కు చేరాయి. ఆ తర్వాత రికార్డుల మీదా, సినిమా మీదా వచ్చిన పెద్ద మొత్తం మాత్రం పన్నుల చిక్కులో ఏళ్ల తరబడి ఆగిపోయింది. పన్ను మినహాయింపు ఏర్పాట్లు ముందుగా చేసుకోకపోవడమే అందుకు కారణం. అంత పేరున్నవాళ్లకే అలా జరిగింది. కాబట్టి మొదటి టికెట్ అమ్మేలోపే మీ దేశంలోని నిబంధనలు తెలిసిన అకౌంటెంటుతో ఒక గంట కూర్చోండి.

డబ్బు దేనికి వాడతారో ఎంత వివరంగా చెప్పాలి?

"పిల్లల ఆరోగ్యం కోసం" అంటే ఎవరి కళ్ల ముందూ ఏదీ కనబడదు. నవజాత శిశువులను వెచ్చగా ఉంచే వార్మరు, తల్లిదండ్రులు రాత్రి పడుకోవడానికి గది, నొప్పిలో ఉన్న పిల్లలను ఆడించే థెరపిస్టు జీతం అంటే కనబడుతుంది. ఏది కావాలో ఆసుపత్రినే అడగండి. మనకు ఆకర్షణగా అనిపించిన యంత్రాన్ని మనమే ఎంచుకోకూడదు. దాన్ని నడిపే నర్సులు, విడిభాగాలు, మరమ్మతుకు డబ్బు లేకపోతే ఆ యంత్రం మూలన పడుతుంది.

ఒక జాగ్రత్త ఉంది. "ఈ డబ్బుతో వెంటిలేటర్ కొంటాం" అని ప్రకటిస్తే, ఆ డబ్బు దానికే వాడాలి. అవసరానికి మించి వస్తే? సరిపోకపోతే? ఆ రెంటికీ జవాబు ముందే ఒక వాక్యంలో చెప్పేయండి: "లక్ష్యం కంటే ఎక్కువ వచ్చినా, తక్కువ వచ్చినా అదే వార్డు అవసరాలకు వాడతారు." చిన్న అక్షరాల్లో అయినా ఫర్వాలేదు, ఉండాలి.

పోస్టర్ మీద చికిత్సలో ఉన్న పిల్లల ఫోటో వేయొచ్చా?

అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇదే. అన్నిటికంటే గట్టిగా నేను చెప్పే జవాబూ దీనికే: వేయకపోతేనే మంచిది.

నాకు తెలిసిన ఒక బాబు ఉన్నాడు. తల్లిదండ్రులు సంతకం చేసి ఇచ్చిన అనుమతితోనే వాడి ఫోటో ఒక కచేరీ పోస్టర్ మీద వేశారు. గుండు, చేతికి సెలైన్ సూది, పెద్ద కళ్లు. టికెట్లు బాగా అమ్ముడుపోయాయి. బాబు కోలుకుని బడికి వెళ్లాడు. అక్కడ ఎవరో ఆ ఫోటోను ఫోన్‌లో వెతికి తీసి అందరికీ చూపించారు. జబ్బు సంగతి మరిచిపోయి ఆడుకోవాలనుకున్న పిల్లవాడికి ఏడాది పొడవునా ఆ పోస్టరే పేరైపోయింది. కాగితం పోస్టర్ నెల రోజుల్లో చిరిగిపోతుంది, ఇంటర్నెట్‌లో బొమ్మ అలా పోదు. ఆ సంతకం తీసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 16వ అధికరణం పిల్లలకు వ్యక్తిగత గోప్యత హక్కు ఉందని చెబుతుంది. జబ్బు చేసినంత మాత్రాన ఆ హక్కు పోదు. తల్లిదండ్రుల సంతకం చట్టానికి సరిపోవచ్చు. అయితే ఆ సంతకం ఎప్పుడు తీసుకుంటున్నామో చూడండి. బిడ్డ ఐసీయూలో ఉన్నప్పుడు, ఆ ఆసుపత్రి మనుషులే అడిగితే, కాదనే ధైర్యం ఏ తల్లికి ఉంటుంది?

తప్పనిసరిగా వేయాల్సి వస్తే ఇవి పాటించండి. చికిత్స పూర్తయి ఇంటికి వెళ్లిన పిల్లలనే అడగండి. అర్థం చేసుకునే వయసుంటే పిల్లవాడినే అడగండి, తల ఊపినా ముఖంలో ఇష్టం లేకపోతే వదిలేయండి. పూర్తి పేరు, బడి, ఇల్లు ఎక్కడో తెలిసే వివరాలు వద్దు. జబ్బు పేరు, ఫోటో ఒకేచోట ఉండొద్దు. ఎప్పుడు తీసేయమన్నా తీసేస్తామని రాసివ్వండి. ఫోటో ఎక్కడెక్కడ పెట్టారో జాబితా రాసుకుంటేనే ఆ మాట నిలబెట్టుకోగలరు.

మరి ఫోటో, కథ లేకుండా జనం మనసు ఎలా కదులుతుంది?

కదులుతుంది. లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి 1852లో పది మంచాలతో మొదలైంది. ఆరేళ్లకే డబ్బుకు కటకటలాడింది. 1858లో ఇంగ్లిష్ నవలా రచయిత చార్లెస్ డికెన్స్ ఆ ఆసుపత్రి కోసం ఒక విందులో మాట్లాడారు, తర్వాత తన రచనను సభలో చదివి వినిపించి డబ్బు పోగుచేశారు. ఆ ప్రసంగంలో ఆయన ఎడిన్‌బరోలో తాను చూసిన ఒక పసివాడి గురించి చెప్పారు. పాత గుడ్ల పెట్టెలో పడుకోబెట్టిన, చిక్కి శల్యమైన బిడ్డ. పేరు చెప్పలేదు, ఆ బిడ్డ ఆ ఆసుపత్రి రోగి కూడా కాదు. వింటున్నవాళ్ల కళ్ల ముందు ఆ పెట్టె నిలబడింది, అంతే.

మీరూ అలా వస్తువులను చూపించండి. పిల్లలు గీసిన బొమ్మలు (వాళ్లను అడిగి), మంచం పక్కన మడత కుర్చీలో రాత్రంతా కూర్చునే నాన్న చెప్పుల జత, బొమ్మకు కట్టిన చిన్న బ్యాండేజీ. నర్సులను మాట్లాడించండి. రాత్రి రెండు గంటలకు వార్డు ఎలా ఉంటుందో ఒక నర్సు తన మాటల్లో ఒక నిమిషం చెప్పిన ఆడియో, ఏ ఫోటో కంటే బాగా పనిచేయడం నేను చూశాను. జాలి పుట్టించే భాష మాత్రం వద్దు. "అభాగ్యులు", "పాపం పసివాళ్లు" లాంటి మాటలు ఆ పిల్లలు చదివితే ఎలా ఉంటుందో ఆలోచించండి. కొందరు చదువుతారు కూడా.

పోస్టర్ మీద ఏమేమి ఉండాలి?

తేదీ, వారం, సమయం, స్థలం, ఎవరు పాడతారు, ఎవరి కోసం, టికెట్ ధర, ఎక్కడ కొనాలి, సందేహముంటే ఎవరిని అడగాలి. రోడ్డు అవతలి నుంచి చూసినా తేదీ కనబడాలి. ఇంతకు మించి పెడితే ఏదీ కనబడదు.

స్పష్టమైన ప్రకటన ఎంత పని చేస్తుందో 280 ఏళ్ల నాటి ఒక కచేరీ చెబుతుంది. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో స్వరకర్త హ్యాండెల్ కొత్త రచన "మెసయ్య"ను మొదటిసారి ప్రదర్శించారు. అప్పుల వల్ల జైల్లో ఉన్నవారి కోసం, రెండు వైద్యశాలల కోసం అని పత్రికల్లో ముందే ప్రకటించారు. స్త్రీలు వెడల్పాటి తీగల లంగాలు లేకుండా, పురుషులు కత్తులు లేకుండా రావాలని కోరారు. అలా వస్తే హాల్లో ఎక్కువమందికి చోటు దొరుకుతుంది, ఎక్కువ డబ్బు వస్తుందని కారణం కూడా చెప్పారు. 600 మంది పట్టే హాల్లో దాదాపు 700 మంది కూర్చున్నారు. ఆ డబ్బుతో 142 మంది ఖైదీలకు విడుదల దొరికింది. ఏం చేయాలో, ఎందుకు చేయాలో రెండు వాక్యాల్లో చెబితే జనం మాట వింటారు.

పేరున్న గాయకులు లేకపోతే ఎవరైనా వస్తారా?

వస్తారు. బృందగానంలో నలభై మంది పాడుతుంటే, ఒక్కొక్కరి వెనక వాళ్ల ఇంటివాళ్లు, స్నేహితులు ఉంటారు. వేదిక మీద ఉన్న ప్రతి ఒక్కరికీ పది టికెట్లు అమ్మే బాధ్యత అప్పగించండి. పెద్ద పేరు దొరికితే సంతోషమే, అయితే వాళ్లు వస్తామని రాతలో చెప్పేవరకు పోస్టర్ మీద వేయకండి.

కళాకారులకు పారితోషికం ఇస్తున్నామని చెప్పాలా?

అడిగితే దాచకండి. వాద్యకారుల్లో చాలామందికి అదే జీవనాధారం. ఉచితంగా చేయమని ఒత్తిడి పెట్టడం న్యాయం కాదు. ఉచితంగా చేస్తున్నవాళ్లుంటే, వాళ్లకు ఇష్టమైతేనే ఆ సంగతి ప్రకటించండి. అలా ప్రకటిస్తే పక్కనున్న కళాకారుడు డబ్బు తీసుకుంటున్నందుకు సిగ్గుపడే పరిస్థితి రాకుండా చూడండి.

వాట్సాప్, సోషల్ మీడియాలో ఎలా చేయాలి?

ఫార్వర్డ్ అయ్యే పోస్టర్ కంటే మనిషి పేరుతో వచ్చే సందేశం ఎన్నో రెట్లు పనిచేస్తుంది. "మీకోసం రెండు టికెట్లు పక్కన పెట్టనా?" అని ఒక్కొక్కరికీ విడిగా రాయండి. గ్రూపుల్లో వారానికి ఒకసారికి మించి పెట్టకండి. రిహార్సల్ వీడియోలు ముప్పై సెకన్లలోపు ఉండాలి, శబ్దం లేకుండా చూసేవాళ్ల కోసం అక్షరాలు కూడా వేయండి. ప్రతి పోస్టులోనూ టికెట్ లింకు ఒక్కటే ఉండాలి. మూడు లింకులు పెడితే ఒక్కటీ నొక్కరు.

వార్డులో తీసిన ఏ వీడియో అయినా పెట్టేముందు వెనకాల ఏముందో చూడండి. మంచానికి తగిలించిన కేస్ షీట్, గోడ మీద పిల్లల పేర్ల బోర్డు, పక్క మంచం మీద ఎవరో బిడ్డ. వీటిని ఎంతోమంది గమనించకుండా పెట్టేస్తుంటారు.

పత్రికలు, రేడియో వాళ్లకు ఏం పంపాలి?

అర పేజీ ప్రకటన, పెద్ద సైజు ఫోటో ఒకటి, మాట్లాడగలిగే ఇద్దరి వివరాలు. ఇద్దరిలో ఒకరు ఆసుపత్రి మనిషై ఉండాలి. మూడు వారాల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి పంపండి.

స్పాన్సర్లందరినీ తీసుకోవచ్చా?

వద్దు. పొగాకు, మద్యం కంపెనీల సంగతి అందరికీ తడుతుంది. చాలామందికి తట్టనిది పసిపిల్లల డబ్బాపాల కంపెనీల సంగతి. తల్లిపాల ప్రత్యామ్నాయాల మార్కెటింగ్‌ను కట్టడి చేస్తూ ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ 1981లోనే అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. పిల్లల ఆసుపత్రి పేరు పక్కన అలాంటి కంపెనీ పేరు వేస్తే ఆ ఆసుపత్రి ఇబ్బందిలో పడుతుంది. స్పాన్సర్ల జాబితా ఖరారు చేసేముందు ఆసుపత్రికి చూపించండి. బ్యానర్ మీద ఆసుపత్రి పేరు కంటే స్పాన్సర్ పేరు పెద్దగా ఉండకూడదని ఒప్పందంలోనే రాయండి.

ఆన్‌లైన్ విరాళాల్లో మోసాలు జరగకుండా ఏం చేయాలి?

ఖాతా ఒక్కటే ఉండాలి, అది సంస్థ పేరు మీదే ఉండాలి. ఏ వాలంటీరు సొంత ఖాతాలోకీ "తర్వాత కలిపేద్దాం" అని డబ్బు తీసుకోకూడదు. ఆ మనిషి ఎంత మంచివాడైనా సరే. క్యూఆర్ కోడ్ పక్కన ఖాతాదారు పేరు అచ్చువేసి, "స్కాన్ చేశాక ఇదే పేరు కనబడితేనే పంపండి" అని రాయండి. పోస్టర్ మీద ఉన్న కోడ్‌పై వేరేది అతికించే మోసాలు ఉన్నాయి కాబట్టి హాలు దగ్గర పెట్టినవాటిని రోజూ ఒకరు వెళ్లి చూడాలి. విరాళాల డబ్బాలకు సీలు వేసి నంబర్లు రాయండి. లెక్కపెట్టేటప్పుడు ఎప్పుడూ ఇద్దరుండాలి, ఇద్దరూ సంతకం చేయాలి.

టికెట్లు మిగిలిపోతున్నాయి. ఉచితంగా పంచేద్దామా?

కొన్ని ఆసుపత్రి నర్సులకు, వార్డు శుభ్రం చేసేవారికి, పిల్లల కుటుంబాలకు ఇవ్వండి. మిగతావి "మీరు ఇవ్వగలిగినంత ఇవ్వండి" అని పెట్టండి. పూర్తిగా ఉచిత పాసు తీసుకున్నవాళ్లలో చాలామంది రారు. రావాలనుకున్నవాళ్లకు సీటు లేకుండా పోతుంది.

హాలు కంటే ఎక్కువమంది వస్తే?

హాలు సామర్థ్యానికి మించి ఒక్క టికెట్ కూడా అమ్మకండి. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. 1750 మే 1న లండన్‌లో అనాథ పిల్లల ఆశ్రమం కోసం హ్యాండెల్ పెట్టిన కచేరీకి జనం విరగబడ్డారు. టికెట్ ఉన్న కొందరు కూడా లోపలికి వెళ్లలేకపోయారు. రెండు వారాల తర్వాత మళ్లీ ప్రదర్శించారు. మీకూ అంత ఆదరణ వస్తే రెండో ప్రదర్శనకు వీలుందేమో కళాకారులను ముందే అడిగి ఉంచుకోండి.

చికిత్సలో ఉన్న పిల్లలను వేదిక మీదికి తీసుకురావచ్చా?

కీమోథెరపీ తీసుకుంటున్న పిల్లలకు రోగనిరోధక శక్తి బాగా తగ్గి ఉంటుంది. కిక్కిరిసిన హాలు వాళ్లకు ప్రమాదం. ఆ నిర్ణయం డాక్టర్లది మాత్రమే. కచేరీని వార్డులోకి లైవ్‌గా ప్రసారం చేయించండి, మొదటి పాట పిల్లల చేతే ఎంపిక చేయించండి. ప్రకటనలోనూ ఆ మాట చెప్పండి: "మొదటి పాట వార్డులోని పిల్లలు కోరింది." ఇంతకంటే మంచి ప్రచార వాక్యం నాకు ఇంతవరకు దొరకలేదు.

హాలుకు చిన్నపిల్లలు వస్తారు. టికెట్ మీద హెచ్చరికలు రాయాలా?

రాయాలి. మెరుస్తూ ఆరే లైట్లు వాడితే మూర్ఛ ఉన్న కొందరికి ఫిట్స్ రావచ్చు, కాబట్టి టికెట్ కొనే పేజీలోనే చెప్పండి. అసలు వాడకపోతే ఇంకా మంచిది. శబ్దం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకు ఇచ్చిన ప్రమాణం 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని. పిల్లలున్న సభలో దానికంటే బాగా తక్కువే ఉంచమని సౌండ్ ఇంజినీర్‌కు చెప్పండి. స్పీకర్లకు దగ్గరి వరుసల్లో పసిపిల్లలను కూర్చోబెట్టవద్దని రాయండి. వీల్‌చైర్ దారి, నిశ్శబ్ద గది ఉంటే పోస్టర్ మీదే వేయండి. అవి ఉన్నాయని తెలియక ఇంట్లోనే ఆగిపోయే కుటుంబాలు చాలా ఉన్నాయి.

సినిమా పాటలు పాడించొచ్చా? మంచి పనికి హక్కులు అడుగుతారా?

విరాళాల కోసమైనా బహిరంగ ప్రదర్శనే. లైసెన్సు అవసరమా అని ముందే కనుక్కోండి. లైవ్ ప్రసారానికి, రికార్డింగుకు వేరే అనుమతులు కావాల్సి ఉంటుంది.

టికెట్‌తో పాటు బొమ్మలు, బెలూన్లు, పూలు తెమ్మని పిలుపునివ్వొచ్చా?

ఆసుపత్రి అడిగితే తప్ప వద్దు. లేటెక్స్ ఎలర్జీ వల్ల మామూలు బెలూన్లను, ఇన్ఫెక్షన్ భయంతో పూలను, వాడిన మెత్తటి బొమ్మలను చాలా వార్డుల్లోకి రానివ్వరు. ప్రేమతో తెచ్చిన బొమ్మను గేటు దగ్గర వెనక్కి పంపితే తెచ్చిన పిల్లవాడి మనసు నొచ్చుకుంటుంది.

కచేరీ వాయిదా పడితే?

టికెట్లు పెట్టిన రోజే వాపసు నిబంధన ప్రకటించండి. వాయిదా పడగానే మూడు దారులు చూపండి: కొత్త తేదీకి వాడుకోవడం, డబ్బు వెనక్కి తీసుకోవడం, విరాళంగా వదిలేయడం. మూడోదాన్ని ఎవరి మీదా రుద్దకండి.

కచేరీ అయిపోయింది. ప్రచారం ముగిసినట్టేనా?

ఇంకా లేదు. ఎన్ని టికెట్లు అమ్ముడయ్యాయి, ఎంత వచ్చింది, దేనికెంత ఖర్చయింది, ఆసుపత్రికి ఎంత, ఏ తేదీన చేరింది అన్న ఐదు విషయాలు ముప్పై రోజుల్లోపు ప్రకటించండి. పోస్టర్ ఎక్కడెక్కడ పెట్టారో అక్కడే ఇదీ పెట్టండి. అనుకున్నంత రాకపోయినా అలాగే చెప్పండి. విరాళం ఇచ్చినవారికి రసీదు పంపండి, వాలంటీర్లకు, సౌండ్ మనుషులకు, హాలు కాపలాదారుకు పేరుపేరునా కృతజ్ఞతలు రాయండి.

ఆరు నెలల తర్వాత ఆసుపత్రికి ఒకసారి వెళ్లండి. ఆ వార్మరు వచ్చిందా, ఎక్కడ పెట్టారు, పనిచేస్తోందా అని అడిగి, పిల్లలెవరూ కనబడకుండా దాని ఫోటో ఒకటి తీసుకుని టికెట్ కొన్న ప్రతి ఒక్కరికీ పంపండి.